పిచికారీ కొట్టాం కదా, ఇంకా యూరియా ఎందుకు?

అపోహ: ఆకుల మీద ఎరువు కొడితే నేలలో వేయక్కర్లేదు.

వాస్తవం: పొలాల్లో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. "నేలలో వేస్తే సగం వృథా అట, ఆకు మీదైతే మొత్తం పట్టేస్తుందట కదా సార్?" ఈ 'అట'లను నమ్మి దిగుబడి పోగొట్టుకున్నవాళ్లను చూసి చూసి రాస్తున్నాను.

లెక్క మీరే వేయండి. లీటరుకు 5 గ్రాముల చొప్పున 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కోటి 19 శాతం ఉండే ఎరువు), ఎకరాకు 200 లీటర్లు కొట్టారు. అంటే పడింది కిలో ఎరువు, అందులో నత్రజని 190 గ్రాములు. 2 శాతం యూరియా కొట్టినా 4 కిలోల యూరియానే, నత్రజని 2 కిలోలు కూడా రాదు. అదే 50 కిలోల యూరియా నేలలో వేస్తే 23 కిలోలు. మొక్కజొన్న లాంటి పైరు ఎకరాకు పదుల కిలోల నత్రజని తీసుకుంటుంది. ఎన్ని స్ప్రేలు కొడితే ఆ లోటు పూడుతుంది? పోనీ డోసు పెంచుదామా అంటే ఆకు మాడుతుంది.

ఒక రైతు మోకాలెత్తు మొక్కజొన్నకు యూరియా మానేసి వరసగా పిచికారీలే చేశాడు. "కొట్టిన మూడో రోజుకే పైరు ముదురాకుపచ్చగా నల్లబడింది సార్, మళ్లీ ఆ రంగు ఎందుకు తగ్గిపోతోంది?" అన్నాడు. కింది ఆకులు పట్టి చూపించాను. కొన దగ్గర మొదలై నడిమి ఈనె వెంట లోపలికి 'వి' ఆకారంలో పసుపు. మొక్క ముసలి ఆకుల్లోని నత్రజనిని లాగి లేత ఆకులకు పంపుకుంటోందన్నమాట. పాపం, ఖర్చు తగ్గుతుందని ఎవరో చెబితే నమ్మాడు. "పంట పోయినట్టేనా?" అని అడుగుతుంటే గొంతు వణికింది. పోలేదు. ఇంకా జల్లు (మొక్క కొనన వచ్చే మగ పూత) రాలేదు కాబట్టి తేమ చూసుకుని ఆ వారమే మొదళ్ల దగ్గర యూరియా వేయించాం. మీదీ ఆ దశలోనే ఉంటే టెన్షన్ పడకండి, ఆలస్యం మాత్రం చేయకండి.

మరి పిచికారీ దేనికి? గ్రాముల్లో సరిపోయే వాటికి. జింకు లోపానికి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ బాగా పనిచేస్తుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో వేసిన ఇనుము నేలలోనే బిగుసుకుపోతుంది. అక్కడ లీటరుకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి కొట్టడమే మేలు. పాత ఆకులోని ఇనుము కొత్త చిగురుకు వెళ్లదు కాబట్టి వారం పది రోజులకు మళ్లీ కొట్టాలి. ముంపులో గాలాడక వేర్లు పనిచేయనప్పుడు కూడా 2 శాతం యూరియా గానీ 1 శాతం పొటాషియం నైట్రేట్ గానీ పైరును నిలబెడుతుంది.

అపోహ: ఎండలో కొడితే బాగా పీలుస్తుంది.

వాస్తవం: ఆకు పీల్చేది చుక్క తడిగా ఉన్నంతసేపే. ఎండలో అది ఇట్టే ఆరి ఉప్పుగా మిగిలి ఆకును కాలుస్తుంది. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ కొట్టండి. బెట్టకు వాడిన పైరైతే ముందు నీళ్లు పెట్టండి.

అపోహ: అన్నీ ఒకే ట్యాంకులో కలపొచ్చు.

వాస్తవం: కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లతో, ఫాస్ఫేట్లతో కలపొద్దు. జింకు సల్ఫేట్‌ను ఫాస్ఫేట్ ఎరువులతో కలపొద్దు. ఇతర మందులైనా ముందు సీసాలో అదే పాళ్లలో కలిపి అరగంట ఆగండి. విరిగినా, అడుగున పేరుకున్నా ట్యాంకులో పోయకండి. తేటగా ఉంటే నాలుగు సాళ్లకు కొట్టి, రెండు మూడు రోజులు ఆకు అంచులు చూసి, మాడకపోతేనే మిగతా చేనుకు కొట్టండి.