కోడ్ బ్లూ మోగాక నడిపించేది ఎవరు?

వార్డులో ఎవరికైనా గుండె ఆగిందంటే 'కోడ్ బ్లూ' అనే అత్యవసర పిలుపు మోగుతుంది, నిమిషంలో మంచం చుట్టూ పదిమంది చేరతారు. ఒకరు ఛాతీ నొక్కుతారు, ఒకరు గాలి అందిస్తారు, ఇంకొకరు అడ్రినలిన్ మందు కోసం ట్రాలీ వెతుకుతారు. చేతులకు కొదవ ఉండదు. ఇంతమంది మధ్య ఏ పనికీ చేయి పెట్టకుండా, మంచం కాళ్ల వైపు నిలబడి మొత్తాన్నీ చూస్తూ నడిపించే మనిషి ఒకరు ఉండాలని ఇవాళ సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, గాలి అందించే చికిత్స) శిక్షణలో చెబుతున్నారు. ఈ మాట స్థిరపడటానికి దశాబ్దాలు పట్టింది.

మొదట్లో ఈ ప్రశ్నకే తావు లేదు. గుండెను తిరిగి కొట్టుకునేలా చేయాలంటే ఛాతీ కోసి, గుండెను చేత్తో పిసకాల్సి వచ్చేది. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో క్లాడ్ బెక్ పద్నాలుగేళ్ల బాలుడి గుండెకు నేరుగా కరెంటు షాక్ ఇచ్చి బతికించింది కూడా అలా ఛాతీ తెరిచి ఉన్నప్పుడే. కత్తి పట్టిన సర్జనే అక్కడ నాయకుడు.

1960 జులైలో ఆ పరిస్థితి తలకిందులైంది. అమెరికాలోనే బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో విలియం కౌవెన్‌హోవెన్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు, గై నికర్‌బాకర్, డాక్టర్ జేమ్స్ జూడ్ కలిసి, ఛాతీ కోయకుండా పైనుంచి నొక్కినా రక్తం ప్రవహిస్తుందని ప్రకటించారు. కుక్కల మీద ప్రయోగాలు చేస్తున్నప్పుడు, షాక్ ఇచ్చే పలకలను ఛాతీకి అదిమితే రక్తపోటు పెరగడం నికర్‌బాకర్ కంటపడింది. అదే దీనికి మూలం. వారు వివరించిన 20 మంది రోగుల్లో 14 మంది బతికారు. ఎవరైనా, ఎక్కడైనా, రెండు చేతులుంటే చాలు, మొదలుపెట్టవచ్చని ఆ వ్యాసంలో రాశారు. అది వైద్య చరిత్రలో గొప్ప వరం. కానీ పని సర్జన్ చేతినుంచి అందరి చేతుల్లోకి వచ్చాక, అందరినీ ఒక తాటిమీద నడిపేది ఎవరన్నది తేలలేదు.

తర్వాతి ఏళ్లలో సాధనాలు వేగంగా సమకూరాయి. 1962లో కాన్సాస్ సిటీలోని బెథనీ ఆసుపత్రిలో డాక్టర్ హ్యూస్ డే గుండె రోగులకు ప్రత్యేక విభాగం తెరిచారు. మందులు, పరికరాలు ఒకేచోట ఉంచే క్రాష్ కార్ట్ వాడుకలోకి రావడంలోనూ ఆయన పాత్ర ఉంది. అలాంటి విభాగాల్లో డాక్టరు వచ్చేదాకా ఆగకుండా నర్సులే షాక్ ఇవ్వడం మొదలైంది. 1974లో సీపీఆర్ ప్రమాణాలు అచ్చయ్యాయి. ఎంత నొక్కాలి, ఏ మందు ఎంత ఇవ్వాలి అన్నదే అప్పటి ప్రధాన చింత.

నాయకత్వం గురించిన పాఠం విమానాల నుంచి వచ్చింది. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి ల్యాండింగ్ గేర్ (దిగేటప్పుడు వాడే చక్రాల) సమస్య తేల్చుకుంటూ గాల్లో చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది చనిపోయారు. ఇంధనం తరిగిపోతోందని సిబ్బందికి తెలుసు. కానీ ఆ మాట కెప్టెన్ నిర్ణయాన్ని మార్చేంత గట్టిగా ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడాది నాసా ఏర్పాటు చేసిన సమావేశంతో కాక్‌పిట్‌లో కలిసి పనిచేయడం నేర్పే శిక్షణ రూపుదిద్దుకుంది. 1990 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మత్తు డాక్టర్ డేవిడ్ గాబా బృందం దాన్ని ఆపరేషన్ గదికి తెచ్చింది. 1999లో బ్రిటన్‌కు చెందిన పరిశోధకులు కూపర్, వేక్‌లామ్ నిజమైన గుండె ఆగిన సందర్భాలను గమనించి, నాయకుడు తానే పనిలో దిగితే బృందం క్రమం చెడుతుందని చెప్పారు. ఛాతీ నొక్కుతున్నవారికి తాము నొక్కే చోటు తప్ప వేరే ఏమీ కనిపించదు కదా!

ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లిస్తున్నామో 2008లో అమెరికాలో 369 ఆసుపత్రుల లెక్కలతో వెలువడిన అధ్యయనం చూపింది. షాక్ అవసరమైన రోగుల్లో దాదాపు 30 శాతం మందికి అది రెండు నిమిషాల తర్వాతే అందింది. సకాలంలో అందినవారిలో 39 శాతం మంది బతికి ఇల్లు చేరగా, ఆలస్యమైనవారిలో 22 శాతమే చేరారు. ఆ ఆలస్యానికి కారణాలు అనేకం. రాత్రివేళ కావడం, మంచం పక్కన మానిటర్ లేకపోవడం కూడా వాటిలో ఉన్నాయి. అయినా షాక్ ఎప్పుడు, ఎవరు ఇవ్వాలో చెప్పే గొంతు ఒకటి ఉంటే కొన్ని నిమిషాలైనా మిగులుతాయని నా నమ్మకం.

మన దేశంలో అత్యవసర వైద్యం ఎండీ కోర్సుగా గుర్తింపు పొందింది 2009లో. ఆసుపత్రి లోపల గుండె ఆగితే ఏం చేయాలో భారతీయ మత్తు వైద్యుల సంఘం సొంత మార్గదర్శకాలు వెలువరించింది 2017లో. కాగితం మీద బృందం సిద్ధంగానే ఉంది. అడ్డుపడేది హోదా. డ్యూటీ డాక్టరు చక్కగా నడిపిస్తుంటాడు, సీనియర్ లోపలికి రాగానే అందరూ అటు తిరుగుతారు. నొక్కడం ఆగుతుంది. నొక్కేవారిని మార్చాల్సిన రెండు నిమిషాలు దాటాయని నర్సుకు తెలుస్తుంది, "సార్" ముందు నోరు పెగలదు. అందుకే ప్రతి షిఫ్టు మొదట్లోనే, కోడ్ బ్లూ మోగితే నడిపేది ఎవరో పేరు చెప్పి తేల్చాలి. మధ్యలో వచ్చిన సీనియర్ "ఎవరు నడిపిస్తున్నారు?" అని అడిగి, పగ్గాలు తీసుకుంటే ఆ మాట పైకి చెప్పాలి, లేదంటే పక్కన నిలబడి సాయం చేయాలి. ఒక డాక్టరు, ఇద్దరు నర్సులే ఉండే ఊరి నర్సింగ్ హోమ్‌లో డాక్టరు కూడా ఛాతీ నొక్కక తప్పదు. అప్పుడు గడియారం చూసే పనిని, సమయం గట్టిగా చెప్పే అధికారాన్ని ఒక నర్సుకు అప్పగించాలి.