ఇరాన్ పల్లె, దాని జనాభా లెక్క: అపోహలు - వాస్తవాలు

మ్యాపుల కోసం ఇరాన్ ఊళ్ల పేర్లూ, జనాభా పట్టికలూ సరిచూడటం నా పని. "ఫలానా ఊరు ఫలానా దెహెస్తాన్‌లో ఉంది, 2006 లెక్కల ప్రకారం ఇంతమంది, ఇన్ని కుటుంబాలు" అన్న వాక్యం రోజుకు వందసార్లు చూస్తాను. ఇందులో తప్పేముంటుందిలే అని మొదట్లో నేనూ అనుకున్నాను.

అపోహ: పట్టికలో పేరుందంటే అది ఊరే.

వాస్తవం: పట్టికలో లెక్కపెట్టేది 'ఆబాదీ'ని. నిజామాబాద్, ఆదిలాబాద్ పేర్ల చివర మనం పలికేదీ ఈ మాటే. ఆబాదీ అంటే మనుషులు ఉండేదో, సాగో మరో పనో జరిగేదో అయిన చోటు. ఊళ్లతో పాటు పొలం మోటారు, తోట, కోళ్ల ఫారం, గని కూడా అందులోకి వచ్చేస్తాయి. 1983 నాటి పరిపాలనా విభాగాల చట్టం ప్రకారం ఊరు అనిపించుకోవాలంటే కనీసం 20 కుటుంబాలో 100 మందో ఉండాలి. పట్టికలో ఆ గీత కింద ఉండిపోయే పేర్లు కోకొల్లలు. వాటన్నిటినీ గంపగుత్తగా 'గ్రామం' అని ఎక్కించేయడంతో మోటారు షెడ్లకు కూడా ఊరి హోదా వచ్చింది. పేరు 'చాహ్' (బావి) అని మొదలైతే నేను ఒకసారి ఉపగ్రహ చిత్రం చూస్తాను. అలాగని ప్రతి చాహూ ఉత్త బావి కాదు. ఎడారి సీమలో బావి చుట్టూ పుట్టిన నిజమైన ఊళ్లు బోలెడు.

ఇంకో చిక్కు. మరీ చిన్న ఆబాదీలకు జనాభా అంకె వేయరు, వేస్తే ఒకటి రెండు ఇళ్ల గుట్టు బయటపడుతుంది. ఖాళీ గడి అంటే సున్నా అని కాదు. కొత్తలో నేను వాటన్నిట్లో సున్నాలు నింపి పంపాను. తర్వాత రెండు వారాలు కూర్చుని తీసేశాను.

అపోహ: 'హొసేనాబాద్' అని వెతికితే దొరికిపోతుంది.

దొరుకుతుంది, వందల్లో. అందుకే ఎగువ ఊరికి ఓల్యా, దిగువ ఊరికి సోఫ్లా, పెద్దదానికి బొజొర్గ్ అని తోకలుంటాయి. మనకు ఎగువ, దిగువ, పెద్ద, చిన్న ఉన్నట్టే.

అపోహ: ఊరు కదలదు కాబట్టి చిరునామా కూడా మారదు.

వాస్తవం: చిరునామా వరుస ఇది: ఓస్తాన్, దాని కింద షహ్రెస్తాన్, బఖ్ష్, దెహెస్తాన్, ఆఖరున ఊరు. పోలిక కోసం మాత్రమే రాష్ట్రం, జిల్లా, మండలం అనుకోండి. దెహెస్తాన్ అంటే కొన్ని ఊళ్ల గుంపు. 'షహ్ర్' అంటే పట్టణమే గానీ షహ్రెస్తాన్ పట్టణం కాదు. 'మర్కజీ బఖ్ష్' కనిపిస్తే కేంద్ర బఖ్ష్ అని అర్థం, అది ప్రతి షహ్రెస్తాన్‌లోనూ ఉంటుంది. అరాక్ రాజధానిగా ఉన్న మర్కజీ ఓస్తాన్ వేరు. ఈ రెండూ కలిపేసినవాళ్లను చాలామందినే చూశాను.

ఇక మార్పుల సంగతి. తూర్పు ఇరాన్‌లోని తబస్ దగ్గర ఎస్ఫహక్ అని మట్టి ఇళ్ల ఊరు ఉంది. 1978 సెప్టెంబర్ 16 భూకంపంలో కూలిపోయింది. మిగిలినవాళ్లు పక్కనే కొత్త ఊరు కట్టుకున్నారు. ఈ మధ్య ఊరి కుర్రాళ్లు పాత ఇళ్లను బాగుచేసి అతిథులకు ఇస్తున్నారు. భూకంపం నాటికి అది ఖొరాసాన్ ఓస్తాన్‌లో ఉండేది. తర్వాత తబస్ మొత్తం యజ్ద్‌లోకి వెళ్లింది. ఇప్పుడు దక్షిణ ఖొరాసాన్. కాబట్టి 2006 అంకె కావాలంటే యజ్ద్ పట్టికలో, 2016 అంకె కావాలంటే దక్షిణ ఖొరాసాన్ పట్టికలో వెతకాలి. 2016లో తెలంగాణ 10 జిల్లాలు 31 అయినప్పుడు పాత కాగితాలతో తంటాలు పడ్డవాళ్లకు ఈ బాధ కొత్త కాదు.

అపోహ: దెహ్యార్ అంటే సర్పంచే.

కాదు. జనం ఓటేసేది ఊరి షూరాకు (మండలికి). ఊరి పనులు చూసే దెహ్యార్‌ను ఆ షూరా ఎంచుకుంటుంది. ఊరి షూరాలకు తొలి ఎన్నికలు 1999లో జరిగాయి. అంతకుముందు కాలంలో పెత్తనం 'కద్‌ఖుదా'ది, మన మునసబులాంటివాడు.

అపోహ: ఇరాన్ పల్లె అంటే పర్షియన్ మాట్లాడే పల్లె.

వాస్తవం: మనం వాడే జనాభా పట్టికలో భాషకు గడే లేదు. 'పర్షియన్ మాట్లాడతారు' అని రాసినవాళ్లు వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి, లేదా ఊహించుకోవాలి. నతంజ్ పట్టణం దగ్గరి అబ్యానె పల్లె ఎర్రమట్టి గోడల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఇరాన్ నడిబొడ్డునే ఉన్నా అక్కడి ముసలివాళ్ల ఇంటి మాట పర్షియన్ కాదు, దానికి చుట్టమైన రాజీ. మరోవైపు పర్షియన్ పల్లెలు ఇరాన్ దాటి కూడా ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌లో ఆ భాషను దరీ అంటారు. అక్కడ 1979లో మొదలైన జనగణన యుద్ధం వల్ల పూర్తే కాలేదు, కాబట్టి ఊరి జనాభా అని చూపే అంకెలు చాలావరకు అంచనాలే. తజికిస్తాన్‌లో భాష తజిక్, లిపి రష్యన్‌ది, ఊళ్ల గుంపుకు పేరు జమాత్.

అపోహ: పట్టికలో ఉన్న అంకే ఊరి జనం.

అబ్యానెలో 2006లో లెక్కతేలింది 305 మంది, 160 కుటుంబాలు. ఇంటికి ఇద్దరు కూడా లేరు. పిల్లలంతా టెహ్రాన్‌లో. పైగా ఆ గణన జరిగింది శరదృతువులో. అదే మొహర్రంకో, నౌరోజ్ (ఇరాన్ కొత్త సంవత్సరం) సెలవులకో వెళ్లి చూడండి, తాళాలేసిన ఇళ్లన్నీ తెరిచి ఉంటాయి.