‘స్లీప్ 10’ తీసేస్తే సర్వర్ లేవదా?

అమీర్‌పేటలో లైనక్స్ అడ్మిన్ కోర్సు చేస్తున్న ఒక పాఠకుడు ఇలా అడిగారు: "మా మెటీరియల్‌లో రన్‌లెవెల్స్ మీద ఒక చాప్టర్ ఉంది. ఇంటర్వ్యూల్లోనూ అవే అడుగుతున్నారు. మరి ఆ పాత పద్ధతికి సపోర్ట్ ఆపేస్తున్నారని విన్నాను. ఇన్నేళ్లు నడిచినదాన్ని ఎందుకు తీసేయడం?"

రన్‌లెవెల్ అంటే మెషీన్ ఏ స్థితిలో లేవాలో చెప్పే నంబర్. 3లో గ్రాఫిక్స్ ఉండవు, 5లో ఉంటాయి. ఇంటర్వ్యూకి అంతవరకు చాలు. అసలు సంగతి వేరే ఉంది. మెషీన్ ఆన్ చేశాక డజన్లకొద్దీ సర్వీసులు, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములు, లేవాలి. ఏది ముందు లేవాలో, ఏది తర్వాత లేవాలో ఎవరు చెప్పాలి?

మీరడిగిన పాత పద్ధతిలో, అంటే 1983 నాటి యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ పేరు మీద నడిచినదానిలో, ఆ పని మనిషిదే. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ లేవగానే ఇనిట్ అనే ఒక్క ప్రోగ్రామ్‌ని మొదలుపెడుతుంది. దాని ప్రాసెస్ నంబర్ 1. ఒక ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్టులను పేర్ల వరసలో ఒకదాని తర్వాత ఒకటి నడిపించడం దాని పని. పాత రెడ్ హ్యాట్ సర్వర్లలో నెట్‌వర్క్ స్క్రిప్టు పేరు ఎస్10తో, లాగ్ రాసే సిస్‌లాగ్ పేరు ఎస్12తో, వెబ్ సర్వర్ పేరు ఎస్85తో మొదలయ్యేవి. ఆ నంబర్లు ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టినవి.

చిక్కేమిటంటే, 12 తర్వాత 85 అన్నంత మాత్రాన 12 అప్పటికి సిద్ధంగా ఉందని కాదు. స్క్రిప్టు "మొదలుపెట్టాను" అని చెప్పి వెళ్లిపోతుంది. అది డేటాబేస్ అయితే లోపల ఇంకా డిస్క్ చదువుతూనే ఉండొచ్చు. అందుకే పాత స్క్రిప్టుల్లో ‘స్లీప్ 10’ అనే లైను కనబడుతుంది. పది సెకన్లు ఆగు అని. ఎప్పుడో ఒకసారి సర్వర్ లేవలేదు, ఎవరో ఆ లైను చేర్చారు, లేచింది. అప్పటినుంచి దాన్ని ముట్టుకోవాలంటే అందరికీ టెన్షన్. పది ఎందుకు, మూడు ఎందుకు కాదు అని ఎవరూ పరీక్షించరు. దీన్ని నేను మూఢనమ్మకమనే అంటాను. మన కోర్సుల్లో ఆ లైను నేర్పిస్తారు కానీ, దేని కోసం ఆగుతున్నామో చెప్పరు.

2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనే ప్రోగ్రామర్లు పాత ఇనిట్ బదులు సిస్టమ్‌డీని తెచ్చినప్పుడు అందులో నాకు బాగా నచ్చినది సాకెట్ యాక్టివేషన్. ఆపిల్ 2005లోనే తన మ్యాక్‌లలో ఇదే పని చేసే లాంచ్‌డీలో దీన్ని వాడింది.

పొద్దున్నే తెరిచే టిఫిన్ సెంటర్‌ని ఊహించుకోండి. దోశ మాస్టర్ వచ్చి, పెనం వేడెక్కాకే షటర్ తీస్తామంటే జనం రోడ్డు మీద నిలబడాలి. అలా కాకుండా ఓనరే ముందొచ్చి టోకెన్ కౌంటర్ తెరిచాడనుకోండి. డబ్బు తీసుకుంటాడు, చీటీ చువ్వకు గుచ్చుతాడు. మాస్టర్ వచ్చాక మొదటి చీటీ తీసి దోశ వేయడం మొదలుపెడతాడు. మాస్టర్ వచ్చాడా లేదా అని ఎవరూ అడగక్కర్లేదు. మాస్టరూ చట్నీ వేసేవాడూ ఒకేసారి రావచ్చు. ఎవరు ముందన్న ప్రశ్నే ఉండదు.

ఇక్కడ ఓనర్ ప్రాసెస్ 1, చువ్వ కెర్నల్‌లోని క్యూ. సర్వీసు పుట్టకముందే ప్రాసెస్ 1 దాని సాకెట్, అంటే మెసేజ్‌లు వచ్చే ద్వారం, తెరిచి పెడుతుంది. వచ్చిన మెసేజ్‌లు కెర్నల్ దగ్గర పోగవుతాయి. సర్వీసు లేచాక ఆ తెరిచిన సాకెట్‌నే ఫైల్ డిస్క్రిప్టర్ 3గా అందుకుంటుంది. ప్రాసెస్ తెరిచిన ప్రతిదానికీ కెర్నల్ ఇచ్చే నంబరే ఫైల్ డిస్క్రిప్టర్. 0, 1, 2 ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్లకు పోగా మిగిలిన మొదటి నంబర్ అదే. ఎన్ని సాకెట్లు ఇచ్చారో, అవి ఏ ప్రాసెస్ కోసమో ప్రాసెస్‌తో పాటు అందే రెండు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంటుంది. మాస్టర్ మధ్యలో కళ్లు తిరిగి పడిపోయినా చువ్వకున్న చీటీలు పోవు. అలాగే సర్వీసు క్రాష్ అయినా సాకెట్ ప్రాసెస్ 1 చేతిలోనే ఉంటుంది, క్యూలో ఎదురుచూస్తున్నవాళ్ల వంతు పోదు. వడ ఎవరూ అడగకపోతే వడల మాస్టర్‌ని లేపనే అక్కర్లేదు.

చువ్వకూ ఒక హద్దుంది. ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు విడివిడి మెసేజ్‌లు పంపుకునే యూనిక్స్ డేటాగ్రామ్ సాకెట్ క్యూలో లైనక్స్ మామూలుగా 10 మెసేజ్‌లే పట్టనిస్తుంది. బూట్‌కి అది చాలదని సిస్టమ్‌డీ దాన్ని 512కి పెంచుతుంది. క్యూ నిండితే పంపేవాడు ఆగాల్సిందే. చట్నీ కోసం మాస్టరూ, మాస్టర్ కోసం చట్నీవాడూ ఎదురుచూస్తే మాత్రం ఏ కౌంటరూ కాపాడదు. ఆ ముడి సర్వీసులు రాసేవాళ్లే విప్పాలి.

లైనక్స్ రకాల్లో ఫెడోరా 2011లో, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 2014లో, డెబియన్, ఉబుంటు 2015లో సిస్టమ్‌డీకి మారాయి. అయినా పాత స్క్రిప్టులు నడుస్తూనే వచ్చాయి. సిస్టమ్‌డీలోని జనరేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ బూట్ సమయంలో ప్రతి పాత స్క్రిప్టునూ చదివి, దానికో యూనిట్ ఫైల్, అంటే సర్వీసుని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైల్, తయారుచేస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ప్రాసెస్ నంబర్ రాసిపెట్టే పీఐడీ ఫైల్ ఏదో స్క్రిప్టులో చెప్పకపోతే అసలు ప్రాసెస్ ఏదో జనరేటర్‌కి తెలీదు. అందుకని స్క్రిప్టు పని ముగిశాక కూడా సర్వీసు బతికే ఉన్నట్టు లెక్కేయమని రాస్తుంది. స్టేటస్ చూస్తే పచ్చరంగులో యాక్టివ్ అని, పక్కనే ఎగ్జిటెడ్ అని వస్తుంది. వెనకాల నడవాల్సిన అసలు ప్రాసెస్, అంటే డీమన్, ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. అర్ధరాత్రి ఫోనొచ్చి లేచిన మనిషి ఆ పచ్చరంగుని నమ్ముతాడు. 2023 జులైలో 254వ వెర్షన్‌తో ఈ సపోర్ట్‌ని తర్వాత తీసేస్తామని, స్క్రిప్టుల బదులు యూనిట్ ఫైళ్లు రాసుకోమని డెవలపర్లు ప్రకటించారు. నాకది సరైన పనే అనిపించింది.

ప్రాసెస్ 1 మీద ఇన్ని బాధ్యతలు పెట్టకూడదు అనేవాళ్ల మాటలోనూ బలం ఉంది. అది పడిపోతే కెర్నల్ ప్యానిక్ అవుతుంది, అంటే మెషీన్ మొత్తం ఆగిపోతుంది. సిస్టమ్‌డీ లేని డెబియన్ అయిన డెవువాన్ పుట్టింది ఆ అభ్యంతరం మీదే. సిస్టమ్‌డీ బదులు వాడే ఓపెన్‌ఆర్‌సీ, రన్‌ఇట్ నేటికీ బతికున్నాయి. కానీ వాళ్లలో ఎవరూ ‘స్లీప్ 10’ని సమర్థించరు.

మీ లాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఎంచుకుని ఉబుంటు 24.04 సర్వర్ వేసి, బూట్ అయ్యాక, దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు స్టేటస్ చూడండి. ఇన్‌యాక్టివ్ అని ఉంటుంది. అయినా 22వ పోర్ట్ తెరిచే ఉంటుంది. ఇంకో విండోలోంచి లాగిన్ అయి, మళ్లీ స్టేటస్ చూడండి.