కలంకారీ నలుపూ, మా పిన్ని టీ గ్లాసూ

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు ముందుగా బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఒక ద్రావణం చేసుకుంటారు. అందులో కలం ముంచి బట్ట మీద గీత గీస్తే, చూస్తుండగానే అది నల్లబడుతుంది. ద్రావణంలో ఉన్నది ఇనుము, కరక్కాయలో ఉన్నది టానిన్. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయంటే ఉతికినా వదలవు.

టీకి ఆ వగరు వచ్చేది కూడా టానిన్ జాతి పదార్థాల వల్లే. అన్నం తిన్న చేయి ఆరకముందే టీ గ్లాసు అందుకుంటే, బట్ట మీద జరిగిందే కడుపులోనూ జరుగుతుంది. పప్పులో, ఆకుకూరలో ఉన్న ఇనుమును టానిన్లు కట్టిపడేస్తాయి. అలా చిక్కుకున్న ఇనుము పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లలేదు.

మా పిన్నికి హిమోగ్లోబిన్ 9 దగ్గర ఆగిపోయింది. ఐరన్ మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదు. అయినా కదలదు. ఒకరోజు చూద్దును కదా, మాత్ర నోట్లో వేసుకుని పైనుంచి టీ గుటకేస్తోంది. "వేడిగా ఏదైనా లేకపోతే గొంతు దిగదురా," అంది. చెబితే వినే మనిషి కాదు. మాత్ర పైపూత గీకి, పొడి చేసి, పాలు పోయని డికాక్షన్‌లో కలిపి చూపించాను. ఎర్రగా ఉన్న టీ సిరాలా తిరిగింది. పాత రోజుల్లో రాతసిరా చేసింది కూడా ఈ పద్ధతిలోనే లెండి.

1983లో వచ్చిన ఒక అధ్యయనంలో, భోజనంతో పాటు టీ తాగితే ఒంటికి పట్టే ఇనుము 64 శాతం తగ్గింది. కాఫీతో 39 శాతం. నాకు ఆసక్తిగా అనిపించింది మాత్రం వేరే సంగతి. భోజనానికి గంట ముందు తాగిన కాఫీ ఏ నష్టమూ చేయలేదు. గంట తర్వాత తాగింది మాత్రం భోజనంతో తాగినంత పనీ చేసింది. తిన్నది ఇంకా కడుపులోనే ఉంటుంది మరి. 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి ముందూ వెనకా కనీసం గంట టీ, కాఫీలు వద్దన్నాయి. నన్నడిగితే, తిన్న తర్వాత రెండు గంటలు ఆగడం మంచిది.

పాలు పోశాం కదా అనుకోవద్దు. పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డే. గ్రీన్ టీ వాళ్లకూ మినహాయింపు లేదు. మాంసంలోని ఇనుములో కొంత భాగం వేరే రూపంలో ఉంటుంది కాబట్టి దాని మీద టీ ప్రభావం తక్కువ. వారం మొత్తం పప్పూ కూరలతో గడిపే ఇంట్లోనే అసలు చిక్కు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన లెక్క. మొక్కల నుంచి వచ్చేదాంట్లో ఒంటికి పట్టేది కొద్దిగానే కాబట్టి అంత పెట్టారు. ఆ కొద్దిలోనూ టీకి వాటా ఎందుకు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇదంతా టీ నెత్తిన వేయలేం. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, నులిపురుగులు, బి12 లోపం, చాలినంత తినకపోవడం, ఇలా చాలా ఉన్నాయి. అందుకే టీ జరిపినా హిమోగ్లోబిన్ పెరగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

విటమిన్ సి చేసే పని టానిన్లు చేసేదానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. అది ఇనుమును పేగు తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉంచుతుంది. వేడికి చాలావరకు పోతుంది కాబట్టి పప్పు ఉడికేటప్పుడు కాదు, కంచంలో వడ్డించుకున్నాక నిమ్మకాయ పిండుకోవాలి. లేదా అన్నం తిన్నాక ఓ జామకాయ.

పిన్ని ఇప్పుడు మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటోంది. టీ సాయంత్రం ఐదింటికి మారింది. నేను సిరా చేసిన గ్లాసు మాత్రం ఎన్నిసార్లు తోమినా అడుగున చార పోలేదట, ఫోన్ చేసినప్పుడల్లా దెప్పుతూనే ఉంది.