ఏ గూనికి ఏ వ్యాయామం?

"నిటారుగా కూర్చో" అని పిల్లల్ని గద్దించని ఇల్లు ఉండదు. రెండు నిమిషాలు కూర్చుంటారు, మళ్లీ ఫోను మీదికి వాలిపోతారు. మొండితనం కాదు, వీపు కండరాలకు అంత ఓపిక లేదు. అయినా వీపు కాస్త వంగి ఉండటం జబ్బేమీ కాదు. ఛాతీ వెనక ఉండే 12 వెన్నుపూసల వరస సహజంగానే వెనక్కి ఉబ్బి ఉంటుంది. ఎక్స్‌రేలో కొలిస్తే 20 నుంచి 45 డిగ్రీల వంపు మామూలే. అది దాటితే గూని.

పిల్లల్లో గూని కనిపిస్తే బోర్లా పడుకోబెట్టి, తలా ఛాతీ పైకెత్తమనండి. వంపు పోతే అది కూర్చునే తీరు వల్ల వచ్చినది. వ్యాయామానికి లొంగుతుంది. పోకపోతే తేడా ఎముకలోనే ఉండవచ్చు. డెన్మార్క్ వైద్యుడు షోయర్‌మన్ 1920లో వర్ణించిన జబ్బు అలాంటిదే: ఎదిగే వయసులో వెన్నుపూసల ముందుభాగం వెనకభాగమంత ఎత్తు పెరగదు. దీనికి వ్యాయామంతోపాటు, ఎదుగుదల ఆగేలోపు వెన్నును నిలిపే గట్టి పట్టీ (బ్రేస్) అవసరం కావచ్చు. వంపు 70, 75 డిగ్రీలు దాటి బాధిస్తుంటే శస్త్రచికిత్స గురించి ఆలోచిస్తారు.

మొదటి రకానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. తువ్వాలు గట్టిగా చుట్టి, వెల్లకిలా పడుకుని, రెక్క ఎముకల కింద అడ్డంగా పెట్టుకోవాలి. చేతులు పక్కలకు చాపి నెమ్మదిగా ఊపిరి తీసుకుంటుంటే బిగిసిన ఛాతీ కండరాలు సాగుతాయి. తరవాత బోర్లా తిరిగి, రెక్క ఎముకల్ని దగ్గరికి లాగుతూ ఛాతీని కొద్దిగా ఎత్తాలి. వీపును బలపరిచేది ఈ రెండోదే. బజారులో అమ్మే బెల్టు భుజాలను వెనక్కి లాగుతుంది గానీ కండరానికి పని చెప్పదు. నేనైతే ఆ డబ్బు మిగుల్చుకోమంటాను.

పెద్దవాళ్ల సంగతి వేరు. అరవై దాటినవారు ఆరు నెలలు క్రమం తప్పక చేసినా తగ్గేది సుమారు మూడు డిగ్రీలే. ఎముకలు గుల్లబారినవారైతే మరీ జాగ్రత్తపడాలి. 1984లో అమెరికాలో, ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన 59 మంది స్త్రీలను పరిశీలించారు. వీపును వెనక్కి వంచే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా కుంగాయి. ముందుకు వంగేవి చేసినవారిలో 89 శాతం మందికి! చిన్న అధ్యయనమే, కానీ తేడా చిన్నది కాదు. బామ్మల చేత ముందుకు వంగి కాళ్లు పట్టుకునే పశ్చిమోత్తానాసనం వేయించే ఉత్సాహవంతులు ఈ అంకెలు చూడాలి.

వ్యాయామంతో మొదలుపెట్టకూడని గూనులూ ఉన్నాయి. నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వెన్ను బిగుసుకుపోవడాన్ని 1937లోనే వైద్యులు నమోదు చేశారు. అక్కడ ముందు మారాల్సింది నీళ్లు. వీపు మధ్యలో ఒక్కచోటే ఎముక మొనలా పొడుచుకొచ్చి, సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నెముక క్షయ కావచ్చు. అప్పుడు తువ్వాలు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం కూడా ఉంటే ఆ రోజే వెళ్లాలి.