సర్వర్ లేనిదే కుదరదన్న మాట: 2013 మార్చి నుంచి ఇప్పటిదాకా

2026 జనవరి 12న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ (ఈఏ) సంస్థ తన ‘ఆంథమ్’ గేమ్ సర్వర్లను (గేమ్ నడవడానికి కావాల్సిన కంపెనీ కంప్యూటర్లను) ఆపేసింది. 2019 ఫిబ్రవరిలో పూర్తి ధర పెట్టి డిస్క్ కొన్నవాళ్ల దగ్గర ఆ డిస్క్ అలాగే ఉంది, గేమ్ మాత్రం ఇక ఆడలేరు. ఒంటరిగా ఆడుకునే వీలు కూడా పెట్టలేదు. దీంతో రెండేళ్లుగా నలుగుతున్న గొడవ మళ్లీ రాజుకుంది. అమ్మేసిన గేమ్‌ను కంపెనీ తనకు తోచినప్పుడు చంపేయొచ్చా అన్నదే ఆ గొడవ.

అమ్మకం ఆపేసినా, కొన్నవాళ్లు ఆడుకునే స్థితిలో గేమ్‌ను వదిలి వెళ్లాలని ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం అడుగుతోంది. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024లో దీన్ని మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌కు ఇచ్చే పౌరుల వినతిపై 2025 జులైకల్లా పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కంపెనీల సంఘం ‘వీడియో గేమ్స్ యూరప్’ మాత్రం ఒప్పుకోవడం లేదు. చాలా గేమ్‌లు మొదటి నుంచీ ఆన్‌లైన్ కోసమే కట్టినవనీ, ఇలాంటి నిబంధన పెడితే వాటిని తయారు చేయడం మోయలేని ఖర్చవుతుందనీ చెబుతోంది.

ఈ జవాబు కొత్తది కాదు. ఇదే ఈఏ, దాదాపు ఇదే అర్థం వచ్చే మాట ‘సిమ్‌సిటీ’ గేమ్ విషయంలో 2013 మార్చిలో చెప్పింది. ఆ నెలలో జరిగింది తెలిస్తే ఇప్పటి కోపం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది.

‘సిమ్‌సిటీ’ చాలామందికి తెలిసిందే. రోడ్లు వేసి, కరెంటు ఇచ్చి, పన్నులు వసూలు చేస్తూ ఊరు కట్టుకునే గేమ్. 2003లో వచ్చిన ‘సిమ్‌సిటీ 4’ తర్వాత పదేళ్లకు, 2013 మార్చి 5న అమెరికాలో కొత్త సిమ్‌సిటీ విడుదలైంది. ఒంటరిగా ఆడుకునేవాళ్లు కూడా ఎప్పుడూ నెట్‌కు కనెక్ట్ అయి ఉండాలన్న షరతు సిమ్‌సిటీ గేమ్‌లలో దీనితోనే వచ్చింది. కట్టిన ఊరు మన కంప్యూటర్‌లో కాకుండా ఈఏ సర్వర్లలో సేవ్ అయ్యేది.

మొదటి రోజే సర్వర్లు కుప్పకూలాయి. డబ్బు కట్టినవాళ్లు లోపలికి వెళ్లడానికి అరగంట క్యూలో నిలబడ్డారు. లోపలికి వెళ్లినవాళ్లకు గంటల తరబడి కట్టిన ఊళ్లు కనిపించకుండా పోయాయి. లోడు తగ్గించడానికి గేమ్‌ను వేగంగా నడిపించే ‘చీతా’ స్పీడ్‌ను తీసేశారు. అమెజాన్ ఆ గేమ్ డౌన్‌లోడ్ అమ్మకాన్ని కొన్నాళ్లు ఆపింది. తయారీ సంస్థ మ్యాక్సిస్ జనరల్ మేనేజర్ లూసీ బ్రాడ్‌షా సర్వర్లు చాలలేదని, అది తెలివితక్కువ పనేనని ఒప్పుకున్నారు. కొన్నవాళ్లకు మరో గేమ్ ఉచితంగా ఇచ్చారు.

సర్వర్లు కూలడం ఒక్కటే అయితే ఈ నెలను ఎవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. అంతకు పది నెలల ముందు, 2012 మేలో, ‘డయాబ్లో 3’ గేమ్‌కి కూడా తెర మీద ‘ఎర్రర్ 37’ అన్న సందేశం వస్తూ ఇదే జరిగింది. సిమ్‌సిటీని వేరు చేసింది ఆ తర్వాత జరిగినదే.

నెట్ లేకుండా ఆడుకునే ఆఫ్‌లైన్ మోడ్ ఇవ్వమని ఆటగాళ్లు అడిగారు. గేమ్ నడవడానికి కంప్యూటర్ వేసే లెక్కల్లో చెప్పుకోదగ్గ భాగం మా సర్వర్లలో జరుగుతుంది కాబట్టి, చాలా ఇంజనీరింగ్ పని చేస్తే తప్ప ఆఫ్‌లైన్ సాధ్యం కాదని బ్రాడ్‌షా చెప్పారు. ఇంజనీర్ చెప్పినట్టున్న మాట కావడంతో చాలామంది నమ్మారు.

వారం తిరగకుండానే ఆ మాట నిలవలేదు. ఊరిని నడిపించే లెక్కలేవీ సర్వర్లలో జరగడం లేదని మ్యాక్సిస్ లోపలి వ్యక్తి ఒకరు ‘రాక్ పేపర్ షాట్‌గన్’ సైట్‌కు చెప్పారు. నెట్ కేబుల్ పీకేసి ఆడి చూసినవాళ్లకు గేమ్ చాలా నిమిషాలు మామూలుగానే నడిచింది. జనం తిరిగారు, చెత్త బండ్లు తిరిగాయి, మంటలు కూడా ఆరాయి. కనెక్షన్ పోయిందని గుర్తించి గేమ్‌ను ఆపే భాగాన్ని ఒక మాడర్ (గేమ్ కోడ్‌ను సొంతంగా మార్చే వ్యక్తి) తీసేశాడు. అప్పుడు ఊరు ఎంతసేపైనా నడిచింది. కంపెనీ ‘చాలా ఇంజనీరింగ్’ అన్నదానికి ఒక మనిషి, కొద్ది రోజులు సరిపోయాయి. అతను చేసింది పూర్తి ఆఫ్‌లైన్ గేమ్ కాదు, సేవ్ చేసుకోవడానికి సర్వర్ కావాల్సిందే. కానీ లెక్కలు ఎక్కడ జరుగుతున్నాయన్న ప్రశ్నకు అక్కడితో జవాబు దొరికింది.

తర్వాత బ్రాడ్‌షా మరో వివరణ ఇచ్చారు. ఆఫ్‌లైన్‌లో ఆడుకునే చిన్న రూపం తయారు చేయగలిగేవాళ్లమే, కానీ అది తమ ఆలోచనకు సరిపోదని వద్దనుకున్నామని ఆ వివరణ సారం. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ‘కుదరదు’ అన్నది రెండు వారాల్లో ‘వద్దనుకున్నాం’ అయింది. ఈ రెండింటి మధ్య తేడా ఆటగాళ్లు అప్పటి నుంచి మర్చిపోలేదు.

మన దగ్గర ఆ షరతు ఇంకా గట్టిగా తగిలింది. 2013 వేసవికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు రోజూ ఉండేవి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేది, మోడెమ్ నడిచేది కాదు. కోత వేళ ‘సిమ్‌సిటీ 4’ ఆడుకోగలిగిన మనిషి, డబ్బు పెట్టి కొన్న కొత్తదాన్ని ఆడలేకపోయాడు.

ఇక రివ్యూల సంగతి. ఆ గేమ్‌కు ‘పాలిగాన్’ సైట్ విడుదలకు ముందు 10కి 9.5 ఇచ్చింది. విడుదలయ్యాక దాన్ని 8కి, ఆపైన 4కి దించింది. సర్వర్లు కుదుటపడ్డాక 6.5కి పెంచింది. ఒకే గేమ్, ఒకే సైట్, కొన్ని వారాల్లో నాలుగు రకాల మార్కులు. తప్పు దిద్దుకున్నందుకు ఆ సైట్‌ను మెచ్చుకున్నవాళ్లున్నారు, నేనూ మెచ్చుకుంటాను. అసలు లోపం పద్ధతిలో ఉంది. రివ్యూ రాసినవాళ్లు విడుదలకు ముందు, జనం లేని సర్వర్ల మీద ఆడారు. కొన్నవాళ్లు ఆడింది వేరే పరిస్థితిలో. 9.5 చూసి మొదటి రోజు డబ్బు కట్టినవాళ్లకు 4 అందేసరికి ఆలస్యమైపోయింది.

రివ్యూలు పట్టుకోలేనిది సర్వర్ ఒక్కటే కాదు. ఊళ్లోని ప్రతి మనిషినీ గేమ్ విడిగా నడిపిస్తుందని కంపెనీ ప్రచారం చేసింది. ఆ మనుషులకు సొంత ఇల్లు గానీ, స్థిరమైన ఉద్యోగం గానీ లేవని, పొద్దున దగ్గర్లో ఖాళీ ఉన్న పనికి, సాయంత్రం దగ్గర్లో ఖాళీ ఉన్న ఇంటికి వెళ్లిపోతారని కొన్నవాళ్లు కనిపెట్టారు. తెర మీద చూపించే జనాభా కూడా ఊరు కాస్త పెరిగాక ఒక సూత్రం పెట్టి పెంచి చూపించినదేనని కోడ్ తవ్వినవాళ్లు బయటపెట్టారు. ఇవన్నీ బయటపడింది అమ్మకాల తర్వాతే. మొదటి రెండు వారాల్లోనే 11 లక్షల కాపీలు అమ్ముడయ్యాయని ఈఏ ప్రకటించింది.

2014 మార్చిలో, విడుదలైన ఏడాదికి, సిమ్‌సిటీకి ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది. ఆ పనికి ఆరున్నర నెలలు పట్టిందని మ్యాక్సిస్ చెప్పింది. పని తేలికైనదేమీ కాదన్న మాట నిజమే, కానీ అసాధ్యం కాదని కూడా అదే చూపించింది. మరో ఏడాది తర్వాత, 2015 మార్చి మొదట్లో, అమెరికాలో ఎమెరీవిల్‌లోని మ్యాక్సిస్ స్టూడియోను ఈఏ మూసేసింది. అదే నెల 10న ఫిన్లాండ్‌కు చెందిన కొలోసల్ ఆర్డర్ అనే చిన్న బృందం తయారు చేసిన ‘సిటీస్: స్కైలైన్స్’ గేమ్ విడుదలైంది. నెట్ లేకుండా ఆడుకోవచ్చు, ఊరు ఎంతో పెద్దదిగా కట్టుకోవచ్చు. ఊరు కట్టే గేమ్‌లు ఇష్టపడేవాళ్లు అటు వెళ్లిపోయారు.

కంపెనీల తీరు మాత్రం పెద్దగా మారలేదు. 2020 డిసెంబర్‌లో ‘సైబర్‌పంక్ 2077’ విడుదలకు ముందు రివ్యూ రాసేవాళ్లకు పీసీ కాపీలు మాత్రమే ఇచ్చారు, సొంతంగా రికార్డు చేసిన వీడియో చూపించకూడదన్నారు. పాత కన్సోళ్లలో (టీవీకి పెట్టి ఆడే గేమ్ యంత్రాల్లో) ఆ గేమ్ ఎంత ఘోరంగా నడుస్తుందో కొన్నాకే తెలిసింది. వారం తర్వాత సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బు వాపసు ఇచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ‘పేడే 3’ ఆన్‌లైన్ షరతుతో వచ్చింది. విడుదలైన రోజుల్లో ఆడటానికి మ్యాచ్ దొరకక కొన్నవాళ్లు గంటల కొద్దీ ఎదురుచూశారు. సొంతంగా ఆడుకునే మోడ్ దానికి తర్వాత చేర్చారు.

సంతకాల ఉద్యమానికి నేరుగా కారణమైంది ఉబిసాఫ్ట్ కంపెనీ గేమ్ ‘ది క్రూ’. 2014 డిసెంబర్‌లో వచ్చిన ఈ కార్ల గేమ్‌లో అమెరికా పటం మొత్తం ఒంటరిగా తిరిగే వీలుండేది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత కొన్నవాళ్ల లైబ్రరీల (ఖాతాల్లోని గేమ్‌ల జాబితాల) నుంచి కూడా లైసెన్స్ తీసేశారు. కొన్నది గేమ్‌ను కాదు, వాడుకునే అనుమతిని మాత్రమే అన్నది కంపెనీ వాదన. ఈ వాదనకు కాలిఫోర్నియా చట్టం ఒక హద్దు పెట్టింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకుకు ‘కొనండి’ అని రాయాలంటే, ఇస్తున్నది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి.

కంపెనీలు చెప్పే ఇబ్బందుల్లో కొన్ని నిజమైనవే. కార్ల బ్రాండ్లు, పాటల హక్కులు గడువుతో తీసుకుంటారు. ఆటగాళ్లు నడిపే సర్వర్లలో మోసాలనూ బూతులనూ అదుపు చేయడం కంపెనీ చేతిలో ఉండదు. వందల మంది ఒకేసారి ఆడే గేమ్‌కు ఆఫ్‌లైన్ అర్థం లేదు, నిజమే. ఉద్యమం అడుగుతున్నది సర్వర్లను ఎప్పటికీ నడపమని కాదు. ఆపేటప్పుడు ఆడుకునే దారి వదిలి వెళ్లమని మాత్రమే.

ఆ దారి ఉందని చూపించింది కూడా ఉబిసాఫ్టే. సంతకాల ఉద్యమం మొదలయ్యాక, ‘ది క్రూ 2’కి 2025 అక్టోబర్‌లో ఆఫ్‌లైన్‌లో ఆడుకునే మోడ్ ఇచ్చింది. మొదటి ‘ది క్రూ’కి మాత్రం కంపెనీ నుంచి ఏమీ రాలేదు. అంతకు నెల ముందు, 2025 సెప్టెంబర్ 15న, అభిమానుల బృందం ఒకటి కంపెనీ కోడ్ ఏదీ చేతిలో లేకుండానే సొంతంగా సర్వర్ తయారు చేసి ఆ గేమ్‌ను మళ్లీ నడిపించింది.