ఉత్సవాల్లో లైవ్ రికార్డింగ్: అపోహలు - వాస్తవాలు

కడపలో మైక్ సెట్ పనితో మొదలుపెట్టి ఇప్పుడు లైవ్ రికార్డింగులు చేస్తున్నాను. ఉరుసు కవ్వాలీ అయినా, దేవుని కడప బ్రహ్మోత్సవాల నాదస్వరం అయినా నాకు ఎదురయ్యే మాటలు ఇవే.

అపోహ: లైవ్ ఆల్బమ్ అంటే వేదిక మీద జరిగింది జరిగినట్టే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. జాజ్‌లో పేరుమోసిన ‘ఎల్లింగ్టన్ ఎట్ న్యూపోర్ట్’నే చూడండి. 1956 జూలై 7 రాత్రి, అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. డ్యూక్ ఎల్లింగ్టన్ బృందంలో శాక్సోఫోన్ వాయించే పాల్ గోన్సాల్వెస్ ఒకే బ్లూస్ చుట్టును (మళ్లీ మళ్లీ తిరిగి వచ్చే పాట వరుసను) ఆపకుండా 27 సార్లు తిప్పాడు. జనం కుర్చీలు వదిలి లేచి ఆడారు. అయితే ఆయన ఊదింది ఆల్బమ్ కోసం రికార్డు చేస్తున్న కొలంబియా కంపెనీ మైకులోకి కాదు, పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి! కంపెనీ టేపులో ఆ శాక్సోఫోన్ ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. వేరే పాటలు కొన్ని స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించి రికార్డు వదిలారు. రేడియో వాళ్ల టేపు దొరికాక రెండూ కలిపి 1999లో అసలు కచేరీని తెచ్చారు. రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి తప్పక వినండి.

అపోహ: మిక్సర్ (మైకుల శబ్దాలన్నీ కలిపి స్పీకర్లకు పంపే పెట్టె) నుంచి ఒక వైరు లాగితే చాలు.

వాస్తవం: మొదట్లో నేనూ అలాగే చేశాను. మిక్సర్‌లో కలిపేది ఎదురుగా కూర్చున్న జనం కోసం. డోలు అసలే గట్టిగా మోగుతుంది కాబట్టి దాని ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) దాదాపు కిందే ఉంటుంది. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవి నిండా నాదస్వరమే, డోలు పక్క వీధిలో మోగుతున్నట్టుంది. ఆ డోలు విద్వాంసుడికి వినిపించడానికి నాకు ముఖం చెల్లలేదు. అప్పటి నుంచి ప్రతి మైకునూ విడి ట్రాకులో ఎక్కిస్తున్నాను.

అపోహ: జనం గోల తీసేయాలి.

వాస్తవం: కవ్వాలీలో ‘వాహ్’ అన్న గొంతు తీసేస్తే, పాడేవాళ్లు ఆ పంక్తినే మళ్లీ ఎందుకు అందుకున్నారో వినేవాళ్లకు అర్థం కాదు. అందుకే జనం వైపు రెండు మైకులు పెడతాను. ఒక్క జాగ్రత్త: శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో ఉన్న మైకులో వాద్యం దెబ్బ సెకనులో పదో వంతు ఆలస్యంగా పడుతుంది. ఆ ట్రాకును ముందుకు జరపకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది.

అపోహ: లెవెల్ ఎంత పెంచితే అంత మంచిది.

వాస్తవం: సౌండ్ చెక్‌లో ఎవరూ పూర్తి బలంతో వాయించరు. కచేరీ వేడెక్కాక ఎర్ర లైటు వెలిగి శబ్దం చిట్లిపోతుంది, దాన్ని మళ్లీ బాగుచేయడం చాలా కష్టం. రికార్డర్ మీటరులో సున్నా డెసిబెల్స్ దాటితే శబ్దం చిట్లుతుంది కాబట్టి, నేను మీటరును సగటున మైనస్ 18 దగ్గర ఉంచుతాను.

అపోహ: ఖరీదైన మైకైతే గాలి చప్పుడు రాదు.

వాస్తవం: వస్తుంది. ఫోమ్ తొడుగు వేయండి, స్టాండును వేదిక మీది ఫ్యాన్‌కి ఎదురుగా పెట్టకండి.